నేర్చుకొనేవారికి ఏ మోటారు సైకిలు? – ఒక కొలబద్ద చరిత్ర

ఈత నేర్పేవారు ఎవరినీ మొదటిరోజే గోదావరి నడుమ దింపరు. కాలువ రేవులో, మోకాటి లోతు నీళ్లలో మొదలుపెట్టిస్తారు. కాళ్లకు నేల అందుతున్నదన్న ధైర్యం ఉంటే తప్ప చేతులు ఆడవు. ఇది పల్లెలో పసివాడికి కూడా తెలిసిన సంగతి. మోటారు సైకిలు విషయంలో మాత్రం ఈ చిన్న సత్యాన్ని శాసనంగా వ్రాసుకోవడానికి చాలాకాలం పట్టింది. మొదటి మోటారు సైకిలు 1885లో కదిలింది. కొత్తగా నేర్చుకొనేవారు ఇంతకంటె పెద్ద బండి ఎక్కరాదని బ్రిటనులో నియమం వచ్చింది 1961లో. నడుమ 76 సంవత్సరాలు గడిచాయి.

ఇంత ఆలస్యం ఎందుకైనది? నీటి లోతును మోకాలితో కొలవవచ్చు. యంత్రం లోతును దేనితో కొలవాలి? ఇంజను పరిమాణంతోనా, శక్తితోనా, బండి బరువుతోనా? ఈ ప్రశ్నకు సమాధానం ఒక్కసారిగా దొరకలేదు. ఒక కొలబద్ద పెట్టుకోవడం, అది చాలదని ప్రాణనష్టం వల్ల తెలుసుకోవడం, మరొకటి వెతుక్కోవడం – ఈ విధంగా ఆ చరిత్ర నడిచింది. వయసు వచ్చిన తరువాత మొదటిసారి మోటారు సైకిలు నేర్చుకోదలచిన మనిషి దుకాణంలో నిలబడి తనను తాను వేసుకొనే ప్రశ్న కూడా ఇదే. కనుక ఆ చరిత్రను కొంచెం వివరంగా తెలుసుకుందాం.

కొయ్య బండి

జర్మనీ దేశంలో కాన్‌స్టాట్ అనే ఊళ్లో గాట్‌లీబ్ డైమ్లర్, ఆయన సహచరుడు విల్‌హెల్మ్ మైబాఖ్ ఒక చిన్న పెట్రోలు ఇంజనును తయారుచేశారు. అది బండిని లాగగలదా అని పరీక్షించడానికి 1885లో ఒక కొయ్య చట్రంలో దాన్ని బిగించారు. ముందొక చక్రం, వెనుకొక చక్రం. పడిపోకుండా అటూ ఇటూ రెండు చిన్న చక్రాలు. ఇంజను పరిమాణం 264 ఘన సెంటీమీటర్లు. శక్తి అర అశ్వశక్తి. వేగం గంటకు సుమారు 12 కిలోమీటర్లు. అంటే మనిషి మామూలుగా పరుగెత్తినంత.

ఆ సంవత్సరం నవంబరులో దీని మీద కూర్చుని ప్రయాణం చేసినవాడు డైమ్లర్ కుమారుడు పాల్. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు నిండలేదు. ఇంజనులో పెట్రోలు ఆవిరిని అంటించడానికి ఎర్రగా కాలిన గొట్టమొకటి జీను కిందనే ఉండేది. దాని వేడికి జీను అంటుకున్నదని చెబుతారు. లోకంలో మొట్టమొదటిగా మోటారు సైకిలు నేర్చుకొన్న మనిషికి ఎదురైన ప్రమాదం వేగం వల్ల వచ్చినది కాదు. యంత్రమే ఇంకా మనిషి కూర్చోడానికి తగినట్లు తయారు కాలేదు.

పరుగెత్తి ఎక్కవలసిన బండి

మొదటిసారి పెద్ద ఎత్తున తయారై అమ్ముడైన మోటారు సైకిలు మ్యూనిక్ నగరంలో 1894లో వచ్చిన హిల్డెబ్రాండ్ – వుల్ఫ్‌ముల్లర్. దాని ఇంజను పరిమాణం 1,489 ఘన సెంటీమీటర్లు. నేటి పెద్ద కారు ఇంజనంత! కాని శక్తి రెండున్నర అశ్వశక్తి మాత్రమే. వేగం గంటకు 45 కిలోమీటర్ల దాకా పోయేది. దానిలో క్లచ్చి లేదు, గేర్లు లేవు. పిస్టన్ల నుంచి వచ్చే కడ్డీలు సరాసరి వెనుక చక్రాన్ని తిప్పేవి. కాబట్టి ఇంజను తిరిగితే చక్రం తిరగాలి. చక్రం ఆగితే ఇంజను ఆగాలి. బయలుదేరాలంటే బండిని తోసుకుంటూ పరుగెత్తి, ఇంజను అందుకోగానే ఎగిరి కూర్చోవాలి. ఇటువంటి బండి మీద నేర్చుకోవడమంటే, పరుగెత్తే గుర్రం మీద ఎక్కడం నేర్చుకొన్నట్లే.

ఆ తరువాతి 25 సంవత్సరాలలో ఇంజనీర్లు ఈ చిక్కులను ఒక్కొక్కటిగా విప్పారు. ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో 1907లో ఆరంభమైన పందేలు 1911లో కొండదారికి మారాయి. ఆ ఎత్తులను గేరు లేని బండి ఎక్కడం కష్టం. ఆ సంవత్సరం రెండు గేర్లున్న అమెరికా బళ్లు సీనియర్ పందెంలో మొదటి మూడు స్థానాలూ గెలుచుకున్నాయి. ఇంజనును చక్రం నుంచి విడదీసే క్లచ్చి, నిలబడినచోటనే ఇంజనును లేపే కిక్ స్టార్టరు వచ్చాయి. ఇంగ్లండులో 1915 నుంచి తయారైన ట్రయంఫ్ మోడల్ హెచ్ బండికి 550 ఘన సెంటీమీటర్ల ఇంజను, మూడు గేర్లు, క్లచ్చి ఉండేవి. తొక్కే పెడళ్లు తీసివేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో వార్తాహరులు వీటిని విరివిగా వాడారు. నేడు మనం మోటారు సైకిలు అనగానే తలచుకొనే రూపం అప్పటికి ఏర్పడిందని చెప్పవచ్చు.

లైసెన్సు ఉన్నది, పరీక్ష లేదు

యంత్రం మెరుగుపడింది. మరి నడిపేవాని సంగతి? బ్రిటనులో 1903 నాటి మోటారు కారు చట్టం మొదటిసారిగా లైసెన్సులు ప్రవేశపెట్టింది. కారు నడపడానికి 17 ఏళ్లు, మోటారు సైకిలుకు 14 ఏళ్లు నిండితే చాలు. అయిదు షిల్లింగులు కట్టి అర్జీ పెట్టుకొంటే లైసెన్సు చేతికి వచ్చేది. నడపడం వచ్చునా అని అడిగినవారు లేరు. కారు కంటె మోటారు సైకిలుకు తక్కువ వయసు చాలునని పెట్టడం గమనించదగినది. అది చిన్నబండి కనుక చిన్నవారికి తగినదని ఆ రోజుల ఊహ. కారుకు నాలుగు చక్రాలున్నాయి. అది తనంత తాను నిలబడుతుంది. రెండు చక్రాల బండిని నిలబెట్టే పని మనిషిదే. ఈ భేదాన్ని ఆనాటి చట్టం లెక్కలోకి తీసుకోలేదు.

1930 చట్టం మోటారు సైకిలు వయసును 16కు పెంచింది. 1934 చట్టం వల్ల 1935 జూన్ 1 నుంచి కొత్తవారికి పరీక్ష తప్పనిసరి అయింది. నేర్చుకొనేవారి బండికి తెల్లని పలక మీద ఎర్రని ‘ఎల్’ అక్షరం కట్టడం కూడా అప్పటినుంచే. మన దేశంలో నేడు కనబడే ఎర్ర ‘ఎల్’ ఆ వంశానికి చెందినదే. కారు పరీక్షలో అధికారి పక్కన కూర్చుంటాడు. మోటారు సైకిలు పరీక్షలో అది కుదరదు. అధికారి పేవ్‌మెంటు మీద నిలబడి, అభ్యర్థి వీధి చుట్టి వస్తుంటే చూసేవాడు. ఉన్నట్టుండి ముందుకు అడుగువేసి, బండి ఆపగలడో లేదో గమనించేవాడు. సుమారు 1990 దాకా పరీక్ష ఇట్లాగే జరిగేది.

ఇన్ని ఏర్పాట్లు చేసినా ఒక సంగతి మిగిలిపోయింది. ‘ఎల్’ పలక కట్టుకొన్న 16 ఏళ్ల కుర్రవాడు 650 ఘన సెంటీమీటర్ల బండిమీద మొదటి పాఠం నేర్చుకోవచ్చు. దానికి అడ్డులేదు.

250 సి.సి. గీత

ఘన సెంటీమీటరునే వాడుకలో సి.సి. అంటున్నాము. సిలిండరులో పిస్టను కిందనుంచి పైకి జరిగినప్పుడు ఎంత చోటును తుడుచుకొని పోతుందో అదే ఇంజను పరిమాణం. అది బండి కాగితాల మీద ఉంటుంది, ఎవరూ కాదనలేరు, రోడ్డు మీద పోలీసు కూడా సరిచూడవచ్చు. కాబట్టి చట్టం చేయదలచినవారికి ఇది అనువైన కొలబద్దగా కనబడింది.

1960లో బ్రిటనులో మోటారు ద్విచక్ర వాహనాల మీద పోతూ 1,700 మందికి పైగా మరణించారు. ఆ సంవత్సరమే చట్టం చేసి, 1961 జూలై నుంచి నేర్చుకొనేవారు ఒంటరి బండి నడిపితే దాని ఇంజను 250 సి.సి. దాటరాదని నియమించారు. పక్కబండి తగిలించిన మోటారు సైకిలుకు ఈ నియమం వర్తించదు. మూడు చక్రాలుంటే పడిపోదు గదా అన్న ఆలోచన. ఆనాటి 250 బండి నిజంగా సాధువైనది. ఎందరో నేర్చుకొన్న బి.ఎస్.ఎ. సి–15 అనే బండి శక్తి 15 అశ్వశక్తి. అంతవరకు ఆ గీత సరైనచోటనే పడింది.

గీత కింద పెరిగిన శక్తి

సి.సి. అనేది ఇంజను పరిమాణమే గాని శక్తి కాదు. పిస్టను ఒకసారి కదిలితే ఎంత మిశ్రమం మండుతుంది, నిమిషానికి ఎన్నిసార్లు మండుతుంది అనే రెండింటి మీద శక్తి ఆధారపడుతుంది. 1894 నాటి మ్యూనిక్ బండి నిమిషానికి 240 సార్లు తిరిగి, 1,489 సి.సి.తో రెండున్నర అశ్వశక్తి ఇచ్చింది. 1958లో జపానులో వచ్చిన హోండా సూపర్ కబ్ 49 సి.సి. ఇంజను నిమిషానికి 9,500 సార్లు తిరిగి నాలుగున్నర అశ్వశక్తి ఇచ్చింది. లీటరు లెక్కన చూస్తే మొదటిదానికి 1.7, రెండవదానికి 92 అశ్వశక్తులు వస్తాయి. ముప్పయ్యో వంతు ఇంజను, దాదాపు రెట్టింపు శక్తి! ఇక సి.సి.ని నమ్ముకొని గీత గీస్తే అది ఎన్నాళ్లు నిలుస్తుంది?

నిలువలేదు. 1970లలో జపాను కంపెనీలు రెండు స్ట్రోకుల ఇంజనులతో 250 సి.సి. బళ్లను బ్రిటనులో ప్రవేశపెట్టాయి. 1978లో వచ్చిన సుజుకి జి.టి. 250 ఎక్స్–7 బండిని గంటకు 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు అందుకోగల 250గా ప్రచారం చేశారు. దాని శక్తి పాత సి–15 కంటె దాదాపు రెట్టింపు. చట్టం ప్రకారం అది ‘ఎల్’ పలక కట్టుకొనే బండే!

పైగా అటువంటి రెండు స్ట్రోకుల ఇంజనులో శక్తి క్రమంగా పెరగదు. తక్కువ వేగంలో నీరసంగా ఉండి, ఒక స్థాయి దాటగానే ఒక్కసారిగా దూకుతుంది. చేయి తిరిగినవాడు ఆ దూకుడుకు సిద్ధంగా ఉంటాడు. కొత్తవాడు మలుపులో ఉండగా అది వస్తే తబ్బిబ్బు పడతాడు. ఎంత శక్తి ఉన్నదన్నదొక్కటే కాదు, అది ఏ తీరున చేతికి వస్తుందన్నది కూడా ముఖ్యమని దీనివల్ల తెలుస్తున్నది.

చిన్నబళ్ల విషయంలో కూడా ఇదే జరిగింది. 1971 డిసెంబరులో మోటారు సైకిలు వయసును 17కు పెంచి, 16 ఏళ్లవారికి పెడళ్లున్న 50 సి.సి. మోపెడ్లు మాత్రం అనుమతించారు. వెంటనే పేరుకు మాత్రం పెడళ్లు తగిలించిన పందెపు బళ్లవంటివి వచ్చాయి. 1973లో బ్రిటనుకు వచ్చిన యమహా ఎఫ్.ఎస్. 1–ఇ వాటిలో పేరుపొందినది. గంటకు సుమారు 70 కిలోమీటర్లు పోయేది. 1977లో ప్రభుత్వం మోపెడు వేగమే గంటకు 30 మైళ్లు దాటరాదని నిర్వచనాన్ని మార్చవలసి వచ్చింది. శాసనకర్త పరిమాణాన్ని కొలిస్తే, తయారుచేసేవాడు ఆ పరిమాణంలోనే శక్తిని పెంచాడు.

బండినే మార్చిన దారి

చట్టం గీతలు గీస్తూ ఉండగా జపానులో మరొక దారి తెరుచుకొన్నది. ఇందాక చెప్పిన సూపర్ కబ్ దానికి ఉదాహరణ. సొయిచిరో హోండా ఇంజనీరు; ఆయన భాగస్వామి టకెయో ఫుజిసావా వ్యాపారం చూసేవాడు. వారిద్దరూ 1956లో యూరపు వెళ్లి అక్కడి మోపెడ్లను, స్కూటర్లను చూసివచ్చారు. మోటారు సైకిలంటే తెలియని మనిషి కూడా భయపడకుండా ఎక్కగల బండి కావాలని నిశ్చయించుకొన్నారు.

కొత్తవారిని అన్నిటికంటె ఎక్కువ చిక్కుపెట్టేది క్లచ్చి. ఎడమచేతితో దాన్ని మెల్లగా వదులుతూ, కుడిచేతితో పెట్రోలు పెంచుతూ, అదే సమయంలో తూకం తప్పకుండా కూర్చోవాలి. తొందరపడితే బండి ఎగిరిపడుతుంది. జంకితే ఇంజను ఆగిపోతుంది. సూపర్ కబ్‌లో చేతి క్లచ్చిని తీసివేసి అపకేంద్ర క్లచ్చి పెట్టారు. రాయికి తాడు కట్టి గిరగిర తిప్పితే రాయి బయటికి లాగుతుంది గదా! అట్లాగే ఇంజను వేగం పెరగగానే క్లచ్చిలోని బరువులు బయటికి జరిగి పలకలను నొక్కి చక్రానికి శక్తిని అందిస్తాయి. వేగం తగ్గితే వాటంతట అవే వదిలివేస్తాయి. గేర్లు కాలితో మార్చుకోవలసిందే గాని ఎడమచేతికి పనిలేదు. ఒక చేత్తో సేమ్యా గిన్నెల పళ్లెం పట్టుకొని పోయే హోటలు కుర్రవాడు కూడా నడపగలిగేలా ఉండాలన్నది తయారుచేసినవారి లక్ష్యమని చెబుతారు. బండి బరువు 55 కిలోలే. ముందు భాగం వంగి ఉండడంవల్ల కాలు ఎత్తి దాటవలసిన పని లేదు. 2017 నాటికి ఈ వంశపు బళ్లు పది కోట్లు తయారయ్యాయి.

నేర్చుకొనేవారికి తగిన బండి అంటే శక్తి తగ్గించిన పెద్దబండి కాదనీ, కొత్తమనిషి చేతులను, కాళ్లను, భయాన్ని దృష్టిలో పెట్టుకొని మొదటినుంచీ ఆలోచించి చేసిన బండి అనీ దీనివల్ల రుజువయింది.

శక్తి, బరువు, నిష్పత్తి

సి.సి. కొలబద్ద విరిగిన తరువాత బ్రిటను 1981లో మరొక చట్టం చేసింది. దాని ప్రకారం 1983 నాటికి నేర్చుకొనేవారి బండి 125 సి.సి.కి తగ్గింది, అంతకంటె ముఖ్యంగా శక్తి 9 కిలోవాట్లు, అంటే సుమారు 12 అశ్వశక్తులు దాటరాదన్నారు. ఇంజను ఎంత వేగంగా తిరిగినా సరే, చివరకు అది ఇచ్చే శక్తినే కొలిచారు. 1990 డిసెంబరు నుంచి నేర్చుకొనేవారికి రోడ్డు ఎక్కకముందే ప్రాథమిక శిక్షణ తప్పనిసరి చేశారు. మొదట మైదానంలో బండిని ఆపడం, తిప్పడం; ఆ తరువాత శిక్షకుని వెంట కనీసం రెండు గంటలు రోడ్డుమీద.

యూరపు సమాఖ్య దేశాలలో 2013 జనవరి 19 నుంచి అమలైన నిబంధన ఇంకొక అడుగు ముందుకు వేసింది. మొదటి మెట్టు బండికి 125 సి.సి., 11 కిలోవాట్లు, బండి బరువులో కిలోకు 0.1 కిలోవాట్ మించని శక్తి. రెండవ మెట్టుకు 35 కిలోవాట్లు, కిలోకు 0.2 కిలోవాట్. ఆ పైన ఏ బండి అయినా. మొదటి మెట్టు 16 ఏళ్లకు, రెండవది 18 ఏళ్లకు ఎక్కవచ్చు. రెండవ మెట్టుమీద రెండేళ్లు గడిపినవారు 20 ఏళ్లకు పై మెట్టుకు పోవచ్చు. 24 ఏళ్లు నిండినవారు పెద్దబండి మీదనే పరీక్షకు కూర్చోవచ్చు. దేశాలు ఈ వయసులను కొంత మార్చుకోవచ్చు.

ఈ నిష్పత్తిలోని కిటుకు విద్యార్థులకు సులభంగా బోధపడుతుంది. బలము అంటే ద్రవ్యరాశి, త్వరణాల లబ్ధమని పాఠంలో చదువుకొంటారు. ఒకే శక్తిగల ఇంజనును తేలిక బండిలో పెడితే అది ఎక్కువ త్వరణంతో దూకుతుంది. కనుక 11 కిలోవాట్ల బండి ఆ నియమానికి లోబడాలంటే కనీసం 110 కిలోలుండాలి. 35 కిలోవాట్లది 175 కిలోలుండాలి.

అయితే బరువు రెండంచుల కత్తి. కదిలే బండి దూకుడును బరువు తగ్గిస్తుంది గాని, నిలిచిన బండి బరువును మోయవలసినది మనిషి కాలు. బండి పక్కకు వాలినప్పుడు పడగొట్టే శక్తి దాని బరువు, గురుత్వ కేంద్రం ఎత్తు, వాలిన కోణం – ఈ మూడింటిని అనుసరించి పెరుగుతుంది. మిగిలినవి సమానమైతే, 110 కిలోల బండి కంటె 180 కిలోల బండిని నిలబెట్టడానికి 1.6 రెట్ల బలం కావాలి. కొత్తవారు పడేది చాలావరకు వేగంలో కాదు. నిలబడేచోట, వెనక్కు తిరిగేచోట, గతుకులో కాలు దించినచోట. రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆనే జీను ఎత్తు, చేతికి లొంగే బరువు – యంత్రానికి మోకాటి లోతు ఇదే.

ఇన్ని మార్పుల తరువాత బ్రిటనులో మోటారు సైకిలు మీద మరణించేవారి సంఖ్య 2011 – 2019 నడుమ ఏటా 400 లోపునకు దిగింది. హెల్మెట్లు, రోడ్లు, బ్రేకులు, వైద్యం కూడా ఆ కాలంలో మారాయి గనుక కీర్తినంతా ఒక్క నియమానికే ఇవ్వరాదు.

ఆ బండితో ఎంత పరిచయం?

అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హారీ హర్ట్ తన బృందంతో లాస్ ఏంజలిస్ ప్రాంతంలో 900 మోటారు సైకిలు ప్రమాదాలను జరిగిన స్థలానికే వెళ్లి పరిశోధించాడు. వేలకొద్ది పోలీసు నివేదికలను కూడా పరిశీలించాడు. ఆ నివేదిక 1981లో వెలువడింది.

దానిలో మన విషయానికి సంబంధించిన సంగతులు కొన్ని ఉన్నాయి. ప్రమాదానికి గురైనవారిలో నూటికి 92 మంది తమంతట తాముగానో, బంధుమిత్రుల దగ్గరనో నేర్చుకొన్నవారు. వారికి రోడ్డు మీద సగటున మూడేళ్ల అనుభవం ఉన్నది. కాని సగానికి పైగా ఆ ప్రమాదంలో చిక్కిన బండితో పరిచయం అయిదు నెలల లోపే. అంటే మనిషి పాతవాడైనా బండి కొత్తదైతే అతడు మళ్లీ కొత్తవాడే. ఆపద కనబడ్డ తరువాత తప్పించుకోవడానికి చిక్కేది రెండు సెకండ్ల లోపు కాలం. ఢీకొనడానికి ముందు వేగాలలో మధ్యస్థమైనది గంటకు సుమారు 48 కిలోమీటర్లు. ఆ వేగంలో రెండు సెకండ్లలో బండి 26 మీటర్లు దాటిపోతుంది. అంతలో ఆలోచించి బ్రేకు వెతుక్కొనే వ్యవధి లేదు. చేయి, కాలు వాటంతట అవే కదలాలి. ప్రమాదంలో చాలామంది వెనుక బ్రేకును మితిమీరి నొక్కి చక్రాన్ని జారనిచ్చారు; ముందు బ్రేకును చాలినంత వాడలేదు. బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రం మీదికి ఒరుగుతుంది గనుక బండిని ఎక్కువగా ఆపగలిగేది ముందు బ్రేకే. ఇది చదివి తెలుసుకొంటే చాలదు. చేతికి అలవాటు కావాలి.

మన దేశంలో

మన దేశంలో ఈ కథ వేరుగా నడిచింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి 350 సి.సి. బుల్లెట్ బండిని తయారుచేయసాగింది. 1960లలో మైసూరు నుంచి జావా, ఉత్తరాదినుంచి రాజ్‌దూత్ వచ్చాయి. స్కూటరు కావాలంటే పేరు నమోదు చేసుకొని సంవత్సరాల తరబడి వేచి ఉండవలసిన రోజులవి. అప్పుడు నేర్చుకొనేవారికి ఎంపిక అన్న మాటే లేదు. ఇంట్లో ఏది ఉంటే దానిమీదనే నేర్చుకొనేవారు. పైగా ఆనాటి బుల్లెట్‌కు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. జావాకు గేరు ఎడమవైపు. ఒకదానినుంచి మరొకదానికి మారిన మనిషి తొందరలో ఏ కాలు నొక్కుతాడో చెప్పలేము. హర్ట్ చెప్పిన సూత్రానికి ఇంతకంటె మంచి ఉదాహరణ ఉండదు.

1972లో లూనా, 1980లో టి.వి.యస్. 50 మోపెడ్లు వచ్చాక తేలిక బండి మొదటిసారి సామాన్యునికి అందింది. 1983లో రాజ్‌దూత్ 350 వచ్చింది. రెండు స్ట్రోకులు, సుమారు 30 అశ్వశక్తులు, డ్రమ్ము బ్రేకులు. 1985లో హీరోహోండా సి.డి. 100 వచ్చింది. నాలుగు స్ట్రోకులు, 97 సి.సి., నెమ్మదైన స్వభావం. రెండేళ్ల వ్యవధిలో వచ్చిన ఈ రెండు బళ్లకు ఎంత దూరమో చెప్పనక్కరలేదు. కాని చట్టం దృష్టిలో రెండూ ఒకటే! 1984లో కైనెటిక్ హోండా, 2001లో హోండా యాక్టివా గేర్లు మార్చే పనిలేని స్కూటర్లను తెచ్చాయి. వయసు వచ్చాక నేర్చుకొన్న స్త్రీపురుషులెందరికో ఇవి మొదటి బళ్లయినాయి.

మన 1988 నాటి మోటారు వాహనాల చట్టం గేరు లేని మోటారు సైకిలు, గేరున్న మోటారు సైకిలు అని రెండే తరగతులను గుర్తిస్తుంది. 16 నుంచి 18 ఏళ్ల లోపువారికి 50 సి.సి. హద్దు ఉన్నది. 18 దాటినవారికి మెట్లు లేవు. లెర్నర్ లైసెన్సు తీసుకొని 30 రోజులు గడిచాక, 100 సి.సి. బండి మీద పరీక్ష నెగ్గిన మనిషి మర్నాడే 650 సి.సి. బండి కొని రోడ్డెక్కవచ్చు. అంటే ఇతర దేశాలలో చట్టం చేసే ఎంపికను మన దేశంలో నేర్చుకొనేవారే తమకు తాము చేసుకోవాలి.

ఈ బాధ్యత ఎంత పెద్దదో అంకెలు చెబుతాయి. 2022లో మన దేశపు రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద పోయేవారు. ఆ సంవత్సరం హెల్మెట్ లేక మరణించినవారే 50 వేల మంది.

తేలిన సంగతులు

మొదటి బండిని ఎంచుకొనే వయోజనులకు ఈ చరిత్ర నుంచి తేలే సూత్రాలు కొన్ని ఉన్నాయి. ఒకటి: సి.సి. చూసి సరిపెట్టుకోకూడదు; శక్తిని బరువుతో భాగించి చూడాలి. 110 కిలోల బండికి 6 కిలోవాట్లుంటే నిష్పత్తి 0.055. 200 కిలోల బండికి 35 కిలోవాట్లుంటే 0.175. రెండవది మూడు రెట్లకు పైగా దూకుడైనది. రెండు: కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనాలి, బండిని చేతితో తోసి, తిప్పి, స్టాండు వేయగలగాలి. మూడు: శక్తి క్రమంగా పెరిగే ఇంజను కావాలి. క్లచ్చికి జంకేవారు గేరు లేని స్కూటరుతో మొదలుపెట్టడం చిన్నతనమేమీ కాదు. నాలుగు: బ్రేకులు. చక్రం బిగుసుకొని జారకుండా చూసే ఏర్పాటును 125 సి.సి. మించిన కొత్తబళ్లకు 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో తప్పనిసరి చేశారు. పాతబండి కొనేవారు ఇది ఉన్నదో లేదో అడిగి తెలుసుకోవాలి. అయిదు: కొన్న బండితో కొన్ని నెలలు స్నేహం చేయకముందే మరొకదానికి మారరాదు. హెల్మెట్ ధరను బండి ధరలోనే కలుపుకోవాలి.

ఏళ్ల తరబడి కారు నడిపినవారికి ఇంకొక మాట చెప్పాలి. వారికి రోడ్డు తెలుసు, ఎదుటివారి తీరు తెలుసు. అది మంచి పెట్టుబడే. కాని తూకం పట్టే విద్య వారి చేతులకు ఇంకా రాలేదు. ధైర్యం చేతుల కంటె ముందు పరుగెత్తడమే వారికి గల ప్రమాదం.

ఉపాధ్యాయులు ఈ సంగతిని తరగతిలో అభ్యాసంగా ఇవ్వవచ్చు. నాలుగైదు బళ్ల శక్తి, బరువు, జీను ఎత్తు విద్యార్థులచేత సేకరింపజేసి, నిష్పత్తి కట్టించి, వరుసలో పెట్టించండి. తరువాత వాటి సి.సి. వరుసతో పోల్చమనండి. రెండు వరుసలూ ఒకటిగా ఉండకపోతే ఎందుకో వారినే చెప్పమనండి. ఇంకొక నాలుగేళ్లకు ఆ పిల్లలలో చాలామంది దుకాణంలో నిలబడి బండి ఎంచుకొంటారు. ఆనాడు వారి చేతిలో ఒక సరైన కొలబద్ద ఉంటుంది.